ఆవుకు మూత్రం ఎర్రగా ఎందుకొస్తుంది?

పాడి ఆవుకు గట్టిగా జ్వరం వచ్చి, పాలు తగ్గి, మూత్రం ఎర్రగా లేదా కాఫీ రంగులో వస్తుంటే అది బెబీసియోసిస్ కావచ్చు. దీనికి కారణం బెబీసియా అనే ఏకకణ పరాన్నజీవి. రక్తం పీల్చే పిడుదులు దీన్ని మోసుకొస్తాయి. తల్లి పిడుదు నుంచి గుడ్లలోకీ, వాటి నుంచి పుట్టే పిల్లల్లోకీ ఇది చేరుతుంది! పిడుదుల వల్లే ఈ జబ్బు వ్యాపిస్తుందని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో నిరూపించారు.

మరి రంగు ఎలా మారుతుంది? బెబీసియా ఎర్ర రక్తకణాల్లో దూరి, రెండుగా చీలుతూ పెరిగి, కణాలను పగలగొడుతుంది. బయటపడ్డ హిమోగ్లోబిన్ మూత్రపిండాల గుండా మూత్రంలో కలుస్తుంది. రక్తం తగ్గి ఆవు నీరసిస్తుంది.

పశువైద్యులు చెవి కొన నుంచి రక్తపు చుక్క తీసి, గాజు పలకపై పరచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. కణాల్లో బేరిపండు ఆకారంలో జంటలు కనిపిస్తే జబ్బు ఖాయం. వెంటనే డైమినజీన్ వంటి మందు ఇంజెక్షన్‌గా ఇస్తే ఆవు బతికే అవకాశం ఎక్కువ. ఇంజెక్షన్ ఇచ్చాక పాలు ఎన్నాళ్లు వాడకూడదో వైద్యుల్నే అడగాలి.

నివారణ మన చేతుల్లోనే ఉంది. చెవుల్లో, పొదుగు మీద, తోక కింద పిడుదుల కోసం రోజూ వెతకండి. పాక గోడల పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించండి. పిడుదుల మందును వైద్యులు చెప్పిన మోతాదులోనే వాడాలి.