కాఫీ గింజ పారిస్ చేరింది... రైతు బిడ్డ చేరేదెలా?
విదేశీ చదువుకు మార్కులతో పాటు కాగితాలూ ముఖ్యమే

అరకులోయ: సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండిన మన్యం కాఫీ గింజ ఏనాడో సముద్రం దాటింది. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీ దుకాణం వెలిసింది. మరుసటి ఏడాది అక్కడి పోటీలో ఈ కాఫీ బంగారు పతకం అందుకుంది. 2019లో అరకువ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ తోట రైతు బిడ్డ అదే ఐరోపాకు పై చదువులకు వెళ్లాలంటే దారి అంత తేలిక కాదు. సీటు సంపాదించడం ఒక ఎత్తు. విద్యార్థి వీసా సంపాదించడం మరో ఎత్తు.

ముందు సొమ్ము చూపాలి

జర్మనీ సంగతే తీసుకుందాం. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటిలో బోధనా రుసుము లేదు. కాని వీసా కావాలంటే ఏడాది బతుకుతెరువుకు సరిపడా సొమ్ము ఉన్నట్టు రుజువు చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలుగా నిర్ణయించారు. మన లెక్కలో పదకొండు లక్షల రూపాయల పైచిలుకే. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో వేయాలి. అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోనిస్తారు.

మైదాన ప్రాంత రైతు పొలం తాకట్టు పెట్టి బ్యాంకు గడప ఎక్కుతాడు. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనరాదు. కొనేవారు తక్కువైన భూమిపై పెద్ద అప్పు పుట్టడం కష్టం. అలాగని చట్టాన్ని తప్పుపట్టలేం. ఆ చట్టమే లేకుంటే ఈ లోయలో గిరిజనుడి చేతిలో ఎంత భూమి మిగిలేదో అందరికీ తెలిసిందే.

ఇరవై మందికి అవకాశం

ఈ చిక్కుకు ఉన్న పరిష్కారాలలో ముఖ్యమైనది కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం. దేశం మొత్తం మీద ఏటా 20 మందికి ఇస్తారు. వాటిలో 17 గిరిజన విద్యార్థులకు, 3 ఆదిమ తెగల వారికి కేటాయించారు. పీజీ, పీహెచ్‌డీ, ఆపై పరిశోధనలకే ఇది వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం ఆరు లక్షలు మించరాదు. వయస్సు 35 ఏళ్లు దాటరాదు. ఫీజులు, జీవన భృతి, విమాన చార్జీలతో పాటు వీసా రుసుము కూడా ఇస్తారు. అయితే వీసాను విద్యార్థే తెచ్చుకోవాలి. ఉపకార వేతనం మంజూరు పత్రాన్ని జర్మనీ వంటి దేశాలు ఆర్థిక రుజువుగా అంగీకరిస్తాయి. అప్పుడు పదకొండు లక్షల బెంగ తీరుతుంది.

ఆదిమ తెగల మూడు సీట్ల విషయంలో ఒక మెలిక ఉంది. గదబలందరూ ఆ జాబితాలో లేరు. బోడో గదబ, గుటోబ్ గదబలు ఉన్నారు. ఖోండ్ పోరోజా, పరెంగి పోరోజా, కొండసవర, కొండరెడ్డి తెగలూ ఉన్నాయి. కనుక కుల ధ్రువపత్రంలో ఉపతెగ పేరు స్పష్టంగా ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

అక్షరం తేడా వస్తే...

పదో తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. కుల ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటుంది. కొర్రా, కిల్లో, వంతల వంటి ఇంటిపేర్లను ఇంగ్లీషులో ఒక్కో బడిలో ఒక్కోలా రాస్తే ఆ తేడా పాస్‌పోర్టు దగ్గర బయటపడుతుంది. జర్మనీకైతే 2022 నవంబరు నుంచి మరో మెట్టు చేరింది. మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని ఢిల్లీలోని ఏపీఎస్ అనే కేంద్రం ధ్రువీకరించాలి. ప్రతి మెట్టుకూ వారాలు పడతాయి. పేరు సరిచేసుకునేసరికి అక్కడ తరగతులు మొదలైతే ఆ ఏడాది పోయినట్టే.

పాస్‌పోర్టు కోసం కిరండూల్ పాసింజరులో విశాఖ వెళ్లాలి. వీసా వేలిముద్రలకు హైదరాబాదు వంటి నగరాలకు పోవాలి. ఒక్క కాగితం తప్పినా మళ్లీ ప్రయాణం, మళ్లీ కూలి నష్టం.

ఇప్పుడే మొదలుపెట్టాలి

ఇంటర్ చదువుతున్నప్పుడే అన్ని పత్రాలలో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకుంటే సగం గండం గడిచినట్టే. డిగ్రీ చివరి ఏడాది నాటికి పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారు పుట్టిన తేదీకి పదో తరగతి పత్రాన్నీ చూపవచ్చు. జనన ధ్రువపత్రం లేదని దిగులు పడనక్కరలేదు.

పాడేరు ఐటీడీఏలో ఈ కాగితాలు చూసిపెట్టేందుకు ఒక గుమాస్తాను, కళాశాలల్లో ఏడాదికి ఒక అవగాహన సదస్సును ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పమే. కాఫీ గింజను ఊరి నుంచి పారిస్ దాకా చేర్చడానికి ఎందరో చేయి వేశారు. చదువుకున్న గిరిజన బిడ్డకూ ఆపాటి చేయూత ఇవ్వడంపై అధికారులు దృష్టి సారించాల్సి ఉంది.