తెనాలికి ఏ నెలలో రావాలి?

చిట్టితల్లీ, తెనాలికి ఎప్పుడొస్తే బాగుంటుందని అడిగావు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అని ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు. హైదరాబాదుకు ఆ మాట చక్కగా సరిపోతుంది. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ఉన్న ఈ కృష్ణా డెల్టాకు మాత్రం అంత బాగా సరిపోదు. ఎందుకో చెప్తాను. ముందు సూర్యుడి సంగతి, ఆ తరవాత నీళ్ళ సంగతి. అసలు కథంతా నీళ్ళ దగ్గరే ఉంది.

మీ డాలస్‌లో జూన్‌లో పగలు 14 గంటలు దాటుతుంది, డిసెంబరులో 10 గంటలకు పడిపోతుంది. లండన్‌లో అయితే పదహారున్నర గంటల పగలు ఎనిమిది గంటల లోపుకు కుంచించుకుపోతుంది. అలాంటి చోట్ల ఏ నెలలో వెళ్ళాలో సూర్యుడే చెప్పేస్తాడు. మన తెనాలి భూమధ్యరేఖకు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇక్కడ అన్నిటికన్నా పొడుగు పగలు 13 గంటలు, అన్నిటికన్నా పొట్టి పగలు 11 గంటల 10 నిమిషాలు. రెండు గంటల తేడా కూడా లేదు. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అన్నట్టు, భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే, అంటే మన చలికాలంలో! సూర్యుడి దూరానికీ రుతువుకూ సంబంధం లేదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

మన ఊళ్ళో ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. ఒకటి మే 5 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 8 ప్రాంతంలో. బాపట్ల కాస్త దక్షిణాన ఉంది గనక అక్కడ మేలో ఒక రోజు ముందు, ఆగస్టులో ఒక రోజు వెనక. ఆ రోజు డాబా మీద రోకలిని నిట్టనిలువుగా నిలబెట్టి చూడు. మేలో అయితే 12 దాటిన నాలుగైదు నిమిషాలకు, ఆగస్టులో అయితే 12 గంటల 13 నిమిషాలకు దాని నీడ కాసేపు మాయమైపోతుంది. నీడంతా రోకలి కిందకే చేరుతుంది.

ఇప్పుడు ఆలోచించు. మే 5నా ఆగస్టు 8నా సూర్యుడు ఉండేది ఒకే చోట. పగటి నిడివీ దాదాపు ఒకటే. అయినా మేలో వీధిలో కాలు పెట్టలేం, ఆగస్టులో గొడుగేసుకుని బజారుకు వెళ్ళొస్తాం. ఎందుకని?

మబ్బులు అడ్డం వస్తాయి గనక అంటావు. నిజమే, కానీ సగమే. ఆగస్టులో మబ్బు విడిచిన రోజున కూడా మే నాటి మంట ఉండదు. మిగతా సగం చేలల్లో ఉంది. మన మాగాణిలో డిసెంబరులో వరి కోస్తారు, అదే చేలో మినుము పండిస్తారు, అదీ అయ్యాక నేల ఖాళీ. కాలువలు కట్టేస్తారు. మే వచ్చేసరికి నల్లరేగడి బీటలు వారుతుంది. వంగి చూస్తే ఆ బీటల్లో నా చెయ్యి మణికట్టు దాకా పోతుంది. ఆ ఎండంతా ఎండు నేల మీద పడి, నేలను కాల్చి, నేల నుంచి గాలిని కాల్చడం తప్ప దానికి వేరే పని లేదు. ఆగస్టులో అవే చేలు నీళ్ళతో నిండి ఉంటాయి. ఎండ ముందు ఆ నీళ్ళను ఆవిరి చెయ్యాలి. అది చిన్న పని కాదు. లీటరు నీళ్ళను స్టవ్ మీద పెట్టి మరిగే దాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరును పూర్తిగా ఆవిరి చెయ్యడానికి దానికి ఏడెనిమిది రెట్లు కావాలి. అంత వేడినీ మన వరిచేలు మింగేస్తాయి. కాలువలకు నీళ్ళు వదిలిన రోజు రైతుకే కాదు, ఊరందరికీ మంచి రోజు.

దీని రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నిన్ను మోసం చేసినట్టవుతుంది. ఆవిరైన నీళ్ళు ఎక్కడికీ పోవు, మన చుట్టూ గాలిలోనే ఉంటాయి. మన ఒళ్ళు చల్లబడేది చెమట ఆరితేనే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. బాపట్ల వాతావరణ కేంద్రంలాంటి చోట్ల చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి మామూలుది, రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డ గబగబా ఆరుతూ పాదరసాన్ని కిందకు దించేస్తుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే తడిగుడ్డ థర్మామీటరు 23 దగ్గర ఆగుతుంది. 34 డిగ్రీలే ఉండి తేమ 75 శాతం ఉంటే అది 30 చూపిస్తుంది. మన ఒంటికి ఎక్కువ కష్టం ఆ రెండో రోజే. మట్టికుండకు కూడా ఇదే సూత్రం. మే నెలలో పల్నాడులోని రెంటచింతలలో నీళ్ళు జిల్లుమనేలా చల్లబరిచే కుండ, అదే నెలలో బాపట్లలో ఉక్కపోసే రోజున అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. అందుకే ఎవరైనా వాతావరణం గురించి చెప్పేటప్పుడు డిగ్రీలు ఒక్కటే చెబితే, తేమ ఎంతో కూడా అడుగు.

సముద్రపు గాలి సంగతి బాపట్లవాళ్ళకు బాగా తెలుసు. సూర్యలంక తీరం ఆ ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరమే. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. మధ్యాహ్నానికి బాపట్లను పలకరించే ఆ గాలి తెనాలి చేరేసరికి సాయంత్రమవుతుంది. అయితే మే నెలలో దానికి ఎదురుగా పడమటి గాలి, మన వడగాలి, తోసుకొస్తుంది. ఏ రోజైతే పడమటి గాలిది పైచేయి అవుతుందో, సముద్రపు గాలి ఒడ్డు దాటలేదో, ఆ రోజు తీరంలో కూడా 45 డిగ్రీలు దాటేస్తుంది. 2015 మేలో అలాంటి రోజులు వరసగా వచ్చి, రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసుకునే పేదవాళ్ళు, పెద్దవయసువాళ్ళు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే మొదట్లో, ఎండలు ముదిరేది మే చివర రోహిణి కార్తెలో. నేల రోజూ పుచ్చుకునే వేడి రాత్రి విడిచిపెట్టే వేడి కన్నా ఎక్కువగా ఉన్నంత కాలం ఆ వేడి పోగుపడుతూనే ఉంటుంది. మృగశిర కార్తె వచ్చాక, అంటే జూన్ రెండో వారానికి, నైరుతి రుతుపవనాలు వస్తేగానీ ఊపిరాడదు. కాబట్టి ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా నిన్ను రానివ్వను. మామిడిపళ్ళు అప్పుడే వస్తాయని మీ అమ్మ ఊరిస్తుంది. వినకు.

ఇక నవంబరు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. బంగాళాఖాతంలో తుఫానులకు రెండు కాలాలు. వానాకాలానికి ముందు ఏప్రిల్, మే. తరవాత అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి భాగం దాకా. నడుమ జులై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా పెద్ద తుఫానులు అరుదు. ఆ రోజుల్లో కింద పడమటి గాలులు, బాగా ఎత్తున తూర్పు గాలులు బలంగా వీస్తుంటాయి. తుఫాను నిట్టనిలువుగా కట్టుకోవాల్సిన సుడి. అడుగున ఒకవైపు, పైన ఇంకోవైపు లాగుతుంటే అది నిలదొక్కుకోలేదు. అక్టోబరు తరవాత ఆ పీకులాట తగ్గుతుంది.

1977 నవంబరు 19 నాటి తుఫాను గురించి ఇక్కడ పుట్టిపెరిగిన ఏ పెద్దవాణ్ణి అడిగినా చెబుతాడు. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందుకని తీరం దాటే చోటికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదకు తోస్తుంది. లోతు తక్కువైన తీరం, సమతలంగా ఉన్న డెల్టా, నీటికి అడ్డేముంది? ఆ కుడివైపున దివిసీమ ఉంది. ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున వచ్చిపడింది. ఆ తుఫానుకు పదివేలమందికి పైగా చనిపోయారు. రేపల్లె నుంచి కృష్ణ దాటితే దివిసీమే. 2010 మే 20న లైలా తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ కూడా బాపట్ల దగ్గరే దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, రోజుల ముందే హెచ్చరిక వస్తుంది, జనాన్ని ముందుగా ఖాళీ చేయిస్తారు. ప్రాణాలు మునుపటిలా పోవడం లేదు. అయినా సెలవు మీద వచ్చే చిన్నపిల్లకు ఆ నెలలు నేను చెప్పను.

మరి మంచి కాలం ఏది? డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. ఆకాశంలో మబ్బుండదు, రాత్రి నేల తన వేడిని నేరుగా పైకి వదిలేస్తుంది, తెల్లవారుజామున చేల మీద మంచు దిగుతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుములు చల్లేస్తారు. నేలలో మిగిలిన తడితో, ఈ మంచుతో ఆ పైరు ఎదుగుతుంది. సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి మీ పెదనాన్న కొడుకు హాయిగా రాగలడు, వాడికి అవి వేసవి సెలవులు. మీ బడి మాత్రం జనవరి మొదట్లోనే తెరుస్తారు. సంక్రాంతికి రాలేనన్న బెంగ వద్దు.

నువ్వు జులై 20 తరవాత రా. నన్నడిగితే డెల్టాను చూడాల్సిన రోజులు అవే. తెనాలి నడిబొడ్డున మూడు కాలువలూ నిండుగా పారుతుంటాయి. రేపల్లె రైలెక్కితే రెండువైపులా నాట్లు వేస్తూ, ఊడ్చిన చేలకు నీళ్ళు పెడుతూ జనం కనిపిస్తారు. ఉక్క ఉంటుంది, దోమలుంటాయి, పొద్దుగూకేసరికి నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. మొదటి వారం మధ్యాహ్నం పూట తిరగనివ్వను. ఏసీలో ఉండొచ్చిన ఒంటికి వేడి అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ తరవాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. అప్పటిదాకా ఉప్పేసిన మజ్జిగ నా బాధ్యత. తిరుగు టిక్కెట్టు ఆగస్టు 9కి ముందు మాత్రం కొనొద్దని మీ నాన్నతో చెప్పు. 8న డాబా మీద మనకు పనుంది, మబ్బు పట్టకపోతే.