కొల్లాజెన్‌ను కోసే ఎంజైములు: పెప్టైడ్ సీసా చెప్పేదెంత, నిజమెంత?

నంద్యాల అయినా ఆళ్లగడ్డ అయినా మెడికల్ షాపుకెళ్తే కొల్లాజెన్ పౌడర్ డబ్బాలు, పెప్టైడ్ సీరం సీసాలు కనబడే రోజులివి. ‘ఒంట్లో కొల్లాజెన్‌ను తినేసే ఎంజైములకు పెప్టైడ్లు అడ్డుకట్ట వేస్తాయి’ అన్న మాట మీదే ఈ సరుకులో చాలా భాగం అమ్ముడుపోతోంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకో తెలియకనే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఆ ఎంజైములు ఒంటికి శత్రువులు. పూర్తిగా ఆపేస్తే ముడతలు రావు, కీళ్లు అరగవు.

కొల్లాజెన్ అంటే మూడు పేటలు పెనవేసిన తాడు. ఆ పేనిన తీరును 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లోకానికి చూపించారు. మామూలు ఎంజైములు దాన్ని తెంపలేవు. తెంపగల ఎంజైమును 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే శాస్త్రవేత్తలు తోకకప్పలో పట్టుకున్నారు. అది కప్పగా మారాలంటే తోక కరిగిపోవాలి కదా, ఆ పని చేసేది ఈ ఎంజైమే. జింకు ఆధారంగా పనిచేసే ఈ ఎంజైముల కుటుంబం మనకూ అంతే అవసరం. పుండు మానాలన్నా, పాత ఎముక పోయి కొత్తది కట్టుకోవాలన్నా, కాన్పు తర్వాత గర్భసంచి మళ్లీ చిన్నదవ్వాలన్నా ఇవి ఉండాల్సిందే. ఇవి శ్రుతి మించకుండా టింప్ అనే ప్రోటీన్లు ఒంట్లోనే కాపలా ఉంటాయి.

వీటన్నిటినీ ఒకేసారి ఆపితే ఏమవుతుందో 1990ల్లోనే తేలింది. పెప్టైడ్‌ను పోలిన మారిమాస్టాట్ అనే మందును క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. క్యాన్సర్ లొంగలేదు. పైగా చాలామందికి కీళ్లు బిగుసుకుపోయి నొప్పులు పట్టుకున్నాయి. మోకాళ్ల కోసం ఇలాంటి సరుకు వెతికేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

అపోహ: పెప్టైడ్ సీరం రాస్తే చర్మంలో కొల్లాజెన్ కరగడం ఆగుతుంది.

సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘కాపర్ ట్రైపెప్టైడ్-1’, ‘పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4’ అనే పేర్లు తరచు కనబడతాయి. మొదటిదాన్ని 1973లో లోరెన్ పికార్ట్ మనిషి రక్తంలో గుర్తించారు. ప్రయోగశాలలో అది కోసే ఎంజైములను కొన్నిటిని పెంచింది, వాటిని ఆపే టింప్‌లనూ పెంచింది. దాన్ని ఒట్టి అడ్డుకట్ట అనడం సరికాదు. రెండోది కొత్త కొల్లాజెన్ తయారుచేయమని కణాలను పురమాయించడానికి ఉద్దేశించినది, ఎంజైముతో దానికి నేరుగా పనిలేదు. పైగా 500 డాల్టన్లు దాటిన అణువులు చర్మం పైపొరను దాటడం కష్టం. పెంటాపెప్టైడ్ బరువు 800 పైనే. కొన్ని చిన్న అధ్యయనాల్లో ముడతలు కాస్త తగ్గాయన్నది నిజమే. అంతకుమించి చెబితే నమ్మకండి.

అపోహ: మేక కాళ్ల సూపు తాగినా, కొల్లాజెన్ పౌడర్ కలుపుకుని తాగినా మోకాళ్లలో గుజ్జు వస్తుంది.

కడుపులో పడ్డాక అది అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలు కొన్ని రక్తంలో కనబడతాయి. అవి నేరుగా మోకాలికి వెళ్లి అరిగిన గుజ్జును మళ్లీ కట్టాయనడానికి గట్టి రుజువు లేదు. సూపు రుచి కోసం హాయిగా తాగండి. శాకాహారులు ఒక్కటి గమనించాలి: మొక్కల్లో కొల్లాజెన్ ఉండదు. పౌడర్ చేపదో, పశువుదో అయ్యుంటుంది.

అపోహ: చర్మం ముడతలు పడటానికి వయసే కారణం.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పులనో, నంద్యాల చుట్టుపక్కల చేలల్లో పనిచేసే కూలీలనో చొక్కా చేయి పైకి మడవమని అడగండి. చేయి కప్పినచోట నునుపు, దాని కింద ముతక చర్మం, గీతలు. మనిషి ఒక్కరే, వయసూ తిండీ ఒక్కటే. తేడా అంతా ఎండదే. చర్మం కందనంత కొద్ది అతినీలలోహిత కాంతి పడినా ఈ కోసే ఎంజైములు పెరుగుతాయని 1996లో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. పొగాకూ వీటిని పెంచుతుంది. రెటినాయిక్ ఆమ్లం ముందుగా రాస్తే ఆ పెరుగుదల తగ్గిందని కూడా వాళ్లే తేల్చారు. అది డాక్టరు రాసివ్వాల్సిన మందు, గర్భిణులు వాడకూడదు. నిండు చేతుల చొక్కా, తలగుడ్డ, పని చేసేచోట పందిరి మాత్రం ఎవరైనా ఏర్పాటు చేసుకోవచ్చు. సీరం ధర పెట్టగలిగినవాళ్లు కూడా మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

అపోహ: ఈ ఎంజైమును ఆపే మందు ఇంకా రాలేదు.

వచ్చింది, కానీ అది పెప్టైడ్ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1948లో ఆరియోమైసిన్ వెలుగుచూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ కుటుంబపు మందులు చిగుళ్లలో కొల్లాజెన్ కోసే ఎంజైమును అణచగలవని 1980ల్లో లోర్న్ గోలబ్ బృందం గుర్తించింది. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల చొప్పున, అంటే సూక్ష్మజీవులను చంపలేనంత చిన్న మోతాదులో, చిగుళ్ల జబ్బుకు వాడటానికి అమెరికా 1998లో అనుమతించింది. మోకాళ్ల నొప్పికి దీన్ని సొంతంగా కొని మింగకండి. అక్కడ చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

అపోహ: పెప్టైడ్ ఈ ఎంజైములను ఆపడమన్నది ఒట్టి కల్పన.

పింజర జాతి పాముల విషపు తిత్తి చూస్తే ఆ మాట అనలేం. రక్తపింజర కరిస్తే రక్తం కారడానికి ఒక కారణం, విషంలోని జింకు ఎంజైములు రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్‌ను తెగ్గొట్టడం. మరి అదే విషం పాము తిత్తిని ఎందుకు తినేయదు? మూడే అమైనో ఆమ్లాలున్న చిన్న పెప్టైడ్లు ఆ ఎంజైములను అక్కడ పట్టి ఉంచడం అందుకు ఒక కారణం. కరిచినప్పుడు విషం ఒంట్లోకెక్కి పలచబడగానే ఆ పట్టు సడలుతుంది. క్యాన్సర్‌లో విఫలమైన మారిమాస్టాట్‌ను ఇప్పుడు పాము విషానికి విరుగుడుగా పరీక్షిస్తున్నారు. ఎలుకల్లో ఫలితాలు ఆశ కలిగించాయి. అది మందుగా వచ్చేదాకా చేలో పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం మాని, కరిచినచోట కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చాలి.