చెంచాడు నీళ్ల వైద్యం

"పళ్లొస్తున్నాయి కదా, ఆమాత్రం విరేచనాలు అవుతాయిలే!" ఈ మాట వినని తెలుగు తల్లి ఉండదేమో. దీనికి తోడు ఇంకోటి: లంఖణం పరమౌషధం. కడుపునిండా తిని కూర్చున్న పెద్దవాళ్లకు ఆ మందు పనిచేస్తే చేయొచ్చు గానీ, ఆరేడు కిలోల బిడ్డకు మాత్రం చేటు. విరేచనాల్లో పసివాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పులే. "తాగితే మళ్లీ అవుతాయి" అని పాలూ నీళ్లూ ఆపేస్తే ఆ లోటు ఇంకా పెరుగుతుంది.

లోటును పట్టుకోవడానికి రక్తపరీక్షలు అక్కర్లేదు. బిడ్డ చిరాకు పడుతుంది, గ్లాసు కనిపిస్తే ఆబగా అందుకుంటుంది. నాలుక పొడిబారుతుంది. ఏడుస్తుంది గానీ కన్నీళ్లు రావు. ఆరు గంటలైనా మూత్రం పోయదు. నీళ్ల విరేచనంతో తడిసిన డైపర్‌ను చూసి పోసిందనుకుని మోసపోయేవాళ్లు బోలెడుమంది. కళ్లు గుంటలు పడతాయి. నెలల పిల్లలకైతే మాడు లోపలికి దిగుతుంది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే చటుక్కున సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే ఉంటే పరిస్థితి ముదిరినట్టే. అప్పటిదాకా గోల చేసిన బిడ్డ సోలిపోయి, తాగడం మానేసి, మగతగా పడుకుంటే "హమ్మయ్య, నిద్రపోయింది" అనుకోవద్దు. క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అంతదాకా రాకముందే కాచుకునే మందు ఓఆర్‌ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజ్ పాళ్లు కుదిర్చి కలిపిన నీళ్లు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. తాగించింది ఎక్కువగా రోగుల బంధువులే. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

పేగు గోడలోంచి లోపలికి వెళ్లే గ్లూకోజ్ తనతోపాటు సోడియంను తీసుకెళ్తుంది, ఆ రెంటి వెనకే నీరు వెళ్తుంది. కిటుకంతా పాళ్లలోనే ఉంది: ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు. తీపి మితిమీరితే నీరు ఎదురు ప్రయాణం చేసి పేగులోకి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. అందుకే పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడైన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్టు తిప్పి ఆ పాళ్లు చూడటం మన పని.

లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే, ఒకేసారి మొత్తం కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి తాగించడం మన ఇళ్లలో మామూలైపోయింది, అది ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., పెద్ద పిల్లలకు 100 నుంచి 200. గటగటా తాగిస్తే కక్కేస్తారు, చెంచాతో పట్టాలి. కక్కినా భయం లేదు, పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. తల్లిపాలు ఒక్కపూట కూడా ఆపకూడదు. అన్నం తినే వయసైతే ఉప్పేసిన గంజి, మజ్జిగ, మెత్తటి పప్పన్నం పెట్టొచ్చు. విరేచనాలను బిగబట్టే మాత్రలు పసివాళ్లకు వద్దు. మలంలో రక్తం పడినా, బిడ్డకు రెండు నెలలు నిండకపోయినా ఇంటివైద్యం మాని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

జింకు సంగతి చాలామంది మరిచిపోతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో, ఆరు నెలలు దాటిన బిడ్డకైతే మామూలుగా రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజుకే కట్టినా సరే.