ఎర్రసిరా

తెలుగు ఎమ్మే చదివి పాఠాలు చెప్పేవాడికి ఎర్రసిరా మీద కాస్త మోజు ఎక్కువ. నాకూ ఉండేది. ఒక విద్యార్థిని దానిని వదలగొట్టింది.

మాది నెల్లూరు జిల్లా సముద్రతీరం. మొన్నటి సెమిస్టరులో మా తరగతికి ఒక పని పెట్టాను. వారానికొక పేజీ, ఎవరి సంగతి వారే వ్రాసి తేవాలి. మైపాడు వైపు పల్లె నుంచి వచ్చే అమ్మాయి మొదటి వారం సముద్రం గురించి వ్రాసింది. గంభీర ఘోష, అస్తమయ భానుడు, వెండి కెరటాలు, అన్నీ ఉన్నాయి. ఆమె మాత్రం అందులో లేదు. నేను "బాగున్నది" అని సంతకం చేశాను.

రెండవ వారం, "మా నాయన వేటకు పోయి ఇంకా రాలేదు" అని మొదలుపెట్టింది. గాలి లేచిన రాత్రి తల్లీకూతుళ్ళు ఒడ్డున కాచుకొని కూర్చున్న సంగతి అది. నేను "నాయన" కొట్టివేసి "తండ్రిగారు" అన్నాను. "ఆడ" కొట్టివేసి "అక్కడ" అన్నాను. పేజీ అంతా ఎర్రబడింది.

మూడవ వారం మళ్ళీ అస్తమయ భానుడే వచ్చాడు!

"ఏమ్మా, ఆ రాత్రి కథ ఆపేశావేం? మీ నాయన తిరిగి వచ్చాడా?" అన్నాను.

"వచ్చాడు సార్. పేజీలో మీరు ఆ మాట అడగలేదు గదా," అన్నది.

వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29. ఏటా ఆ రోజున తెలుగు భాషా దినోత్సవమని వేదిక ఎక్కి ఉపన్యసించేవాణ్ణి నేనే!

మర్నాడు తరగతిలో వెన్నెలకంటి సుబ్బారావుగారి సంగతి చెప్పాను. మన పొరుగున ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టిన మనిషి. మద్రాసు సదరు కోర్టులో 1815 నుంచి 1829 దాకా అనువాదకుడు, దుబాసీ. రాజు కాదు, కవి కాదు. అయినా తన బ్రతుకు తానే వ్రాసిపెట్టుకున్నాడు. 1839లో ఆయన పోయాక చాలాకాలానికి, 1873లో, కుమారుడు దానిని అచ్చు వేయించాడు. ఆయన వ్రాసింది ఇంగ్లీషులో. "మీకా అవస్థ లేదు. ఇంట్లో మాట్లాడే మాటే వ్రాయండి," అన్నాను.

ఆ అమ్మాయి పేజీలు క్రమంగా మారాయి. తల్లి చేపల గంప వచ్చింది. బస్సులో తన బట్టలు నీచు వాసన వేస్తాయేమోనని స్నేహితురాళ్ళకు దూరంగా కూర్చున్న సంగతి వచ్చింది. ఆ పేజీ ఇచ్చేటప్పుడు తల వంచుకున్నది. తరువాతి పేజీలకు వంచుకోలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. నాయన ఇంటిపట్టున వల బాగుచేసుకుంటూంటే ఆ రాత్రి కథ చదివి వినిపించిందట. చదువురాని ఆ మనిషి అంతా విని, "పడవ లాగింది నలుగురం కాదమ్మా, ఆరుగురం. ఆ ఇద్దర్నీ మరిచిపోతే ఎట్టా?" అన్నాడట. ఆమె దిద్దుకున్నది. చివరి పేజీలో ఇలా వ్రాసింది:

"ముందు సార్ మెచ్చుకోవాలని వ్రాసేదాన్ని. ఇప్పుడు జరిగింది జరిగినట్టు ఉందా అని చూసుకుంటున్నాను."

ఒత్తులూ దీర్ఘాలూ దిద్దవద్దా? దిద్దాలి, దిద్దుతున్నాను. అయితే మొదట పేజీ ఆసాంతం చదువుతాను. ఒడ్డున ఎవరైనా ఎదురుచూస్తూంటే, పోయినవాడు తిరిగి వచ్చాడా అని అడుగుతాను. ఆ తరువాతే కలం మూత తీస్తాను.