ఎండిన బోరు మళ్ళీ నిండింది: గేమ్ టెస్టింగ్ గురించి కొన్ని మాటలు

పోయినేడు టెక్ ఫెస్ట్ కోసం మేము నలుగురం కలిసి ఒక మొబైల్ గేమ్ చేశాం. పేరు 'బోరు'. ఆటగాడికి ఐదెకరాల చెనక్కాయ చేను, చేతిలో కొంత డబ్బు ఇస్తాం. బోరు ఎక్కడ వేయాలి, ఎప్పుడు తడి పెట్టాలి, ఎప్పుడు వాన కోసం ఆగాలి అనేది అతని ఇష్టం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్ళకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

మూడు వారాలు హాస్టల్ రూములో రాత్రిళ్ళు కూర్చుని పూర్తి చేశాం. ఒక్కొక్కరం యాభైసార్లయినా ఆడి ఉంటాం. ఎక్కడా ఆగలేదు, క్రాష్ కాలేదు. "బగ్గుల్లేవు" అని తీర్మానించుకున్నాం. ఆ శనివారం ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో వేసి మా నాయనకు ఇచ్చాను.

నాయన చేను గట్టున కూర్చుని పావుగంట ఆడినాడు. తర్వాత నన్ను పిలిచి, "ఏంరా, ఎండిపోయిన బోరు మళ్ళా నిండిందే? వాన కూడా పడలేదు కదా" అన్నాడు. చూస్తే నిజమే. అడుగంటిపోయిన నీళ్ళ మీటరు పైదాకా నిండి నీలంగా మెరుస్తోంది.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మా చేలో మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయినాయి. వాటి అప్పు తీరడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు. "ఇట్ల నిండేదుంటే మనకు ఈ తిప్పలెందుకు" అని ఫోన్ నా చేతికిచ్చి లేచిపోయినాడు. అది నాకు ఒక బగ్గు. ఆయనకు మాత్రం ఆట మొత్తం అబద్ధమైపోయింది. ఆ రోజు నుంచే నేను టెస్టింగ్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిందీ, చేసి నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఏం జరిగింది?

నీళ్ళ మట్టం దాచడానికి మేము 'బైట్' రకం వేరియబుల్ వాడాం. అందులో 8 బిట్లు ఉంటాయి కాబట్టి 0 నుంచి 255 దాకా మాత్రమే పడుతుంది. మైనస్ అంకెలకు చోటు లేదు. కొత్త బోరులో 125 పాయింట్ల నీళ్ళు పెట్టాం. ఒక్కో తడికి 10 తగ్గుతుంది. 12 తడులయ్యాక 5 మిగులుతుంది. 13వ తడి పెడితే 5లోంచి 10 పోయి −5 రావాలి. కానీ బైట్‌కు −5 తెలియదు. స్కూటర్ మీటరు వెనక్కి తిరిగి సున్నా దాటితే 99999 చూపించినట్టు, అది చుట్టు తిరిగి 251 దగ్గర ఆగింది. ఎండిన బోరు అట్లా నిండింది.

ఇలాంటి పొరపాటు మాకు ముందు పెద్దవాళ్ళకూ జరిగింది. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌లో 256వ లెవెల్‌కు చేరితే తెరలో కుడి సగం పిచ్చి గుర్తులతో నిండిపోతుంది. లెవెల్ నంబరు ఒక్క బైట్‌లో ఉండడమే కారణం. కింద పండ్ల బొమ్మలు గీసే చోట ఆ లెక్క చుట్టు తిరిగి సున్నా అవుతుంది. దాంతో ఆ ప్రోగ్రామ్ ఎక్కడ ఆగాలో తెలియక 256 బొమ్మలు గీస్తూ పోతుంది. ఎవరైనా అంతదూరం ఆడతారని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉండరు.

యాభైసార్లు ఆడినా మాకెందుకు దొరకలేదు?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. మీటరు ఎర్రగా మారగానే మేమందరం తడి పెట్టడం ఆపేసేవాళ్ళం. ఎర్రరంగు అంటే 'ఆపు' అని మాకు తెలుసు, ఎందుకంటే ఆ రంగు పెట్టింది మేమే. నాయన ఆపలేదు. అడిగితే రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, ఎండలో ఆ ఎరుపు ఎర్రనేల బొమ్మ మీద కనపడలేదు. రెండు, "ఊడలు దిగే టైములో తడి ఆపితే ఇంక పంటేముంటుంది? బోరు ఏమైనా కానీ, నీళ్ళు పెట్టాల్సిందే."

ఆట తయారుచేసినవాడు దాన్ని ఎలా ఆడాలో అలాగే ఆడతాడు. టెస్టర్ అలా ఆడకూడదు. గోడకేసి నడవాలి, కొననివ్వని వస్తువు కొనాలి, సేవ్ అవుతుండగా ఫోన్ కాల్ ఎత్తాలి, రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. అన్నిటికంటే ముందు హద్దుల దగ్గర నిలబడాలి. తడికి 10 నీళ్ళు కావాలంటే 50 దగ్గర చూసి లాభం లేదు. 11, 10, 9 దగ్గర చూడాలి. 11 అయితే 1 మిగులుతుంది, 10 అయితే 0, 9 అయితే 255! మూడే మూడు ప్రయత్నాల్లో మా బగ్గు బయటపడేది. దీన్ని బౌండరీ వాల్యూ అనాలిసిస్ అంటారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో రెండు మార్కుల ప్రశ్నకు బట్టీపట్టి రాసింది నేనే. వాడాల్సిన చోట మాత్రం గుర్తు రాలేదు.

అన్నీ పరీక్షించడం కుదరదు

మరి అన్నీ పరీక్షిస్తే సరిపోదా? లెక్కేయండి. 10 రకాల ఫోన్లు, 4 ఆండ్రాయిడ్ వెర్షన్లు, 3 భాషలు, 3 రకాల నెట్‌వర్క్. అన్ని కలయికలూ చూడాలంటే 360. ఒక్కోదానికి అరగంటైతే 180 గంటలు. ఇదంతా ఒక్క బిల్డ్‌కే. రేపు కొత్త బిల్డ్ వస్తుంది.

విత్తనం వేసేముందు నాయన వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి పెడతాడు. ఎన్ని మొలకెత్తాయో చూసి ఎకరాకు ఎంత విత్తనం పోయాలో తేల్చుకుంటాడు. ధ్రువీకరించిన చెనక్కాయ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలని ప్రమాణం కూడా ఉంది. ఆయన మూటలో ప్రతి గింజనూ పరీక్షించడు. పరీక్షించినది మళ్ళీ విత్తనానికి పనికిరాదు కదా! టెస్టింగ్ కూడా అంతే, తెలివిగా కొన్నిటిని ఏరుకోవడం. గింజలను గుడ్డిగా తీసినా ఫరవాలేదు గానీ, ఇక్కడ మాత్రం ఎక్కడ పురుగు ఉండొచ్చో ఊహించి అక్కడ చెయ్యి పెట్టాలి. టెస్టింగ్ వల్ల తప్పులున్నాయని చూపించగలం గానీ లేవని నిరూపించలేం అని డైక్‌స్ట్రా ఎప్పుడో చెప్పాడు. "బగ్గుల్లేవు" అని మేము తీర్మానించడమే మొదటి బగ్గు.

మంచి బగ్ రిపోర్ట్ ఎలా ఉంటుంది?

గేమ్ టెస్టర్ అంటే రోజంతా ఆడుకుంటూ జీతం తీసుకోవడమని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పనిలో ఆడడం సగం, రాయడం సగం. మా టీమ్ వాట్సాప్ గ్రూపులో నేను మొదట పెట్టిన మెసేజ్ ఇది: "మామా, నీళ్ళు ఏదో తేడాగా వస్తున్నాయి, చూడు." కోడ్ రాసిన మిత్రుడు పదిసార్లు ఆడి "నాకు బాగానే వస్తోంది" అన్నాడు. తర్వాత ఇలా రాశాను:

శీర్షిక: నీళ్ళు 10 కంటే తక్కువ ఉన్నప్పుడు తడి పెడితే మీటరు నిండుతోంది.
బిల్డ్: 0.7, ఆండ్రాయిడ్ ఫోన్.
చేయాల్సిన పనులు: 1. కొత్త ఆట మొదలుపెట్టి ఒక బోరు వేయాలి. 2. వాన రాకముందే వరుసగా 13 తడులు పెట్టాలి.
జరగాల్సింది: 13వ తడికి 'నీళ్ళు చాలవు' అని రావాలి.
జరిగింది: మీటరు 5 నుంచి 251కి పోయింది.
ఎన్నిసార్లు: 10కి 10 సార్లు.

పది నిమిషాల్లో సరిచేశాడు. మన క్లబ్బులో వ్యాసం రాసేవాళ్ళకు చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది. చదివేవాడు మన పక్కన ఉండడు, మన మనసులో ఉన్నది అతనికి తెలియదు.

రిపోర్ట్‌లో తీవ్రత, ప్రాధాన్యం అని ఇంకో రెండు గడులు ఉంటాయి. రెండూ ఒకటి కావు. మొదటి తెర మీద ఆట పేరు తప్పుగా పడితే ఆట ఆగదు, కాబట్టి తీవ్రత తక్కువ. కానీ ముందు సరిచేయాల్సింది అదే. నలభై గంటలు ఆడాక ఎప్పుడో ఒకసారి వచ్చే క్రాష్ తీవ్రమైనదే, అయినా వరుసలో వెనక నిలబడొచ్చు.

ఒక్క అక్షరం

సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి అక్షరం గురించి రెండు సంగతులు. 2013లో 'ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్' అనే గేమ్ వచ్చింది. అందులో శత్రువులు తెలివిలేకుండా తిరుగుతారని అందరూ తిట్టారు. ఐదేళ్ళకు, 2018లో, సెట్టింగుల ఫైల్‌లో ఒక స్పెల్లింగ్ తప్పు ఉందన్న సంగతి అందరి దృష్టికీ వచ్చింది. 'టెథర్' అనే మాటలో ఒక 'ఎ' అక్షరం అదనంగా పడింది. ఆ ఒక్క అక్షరం తీసేస్తే శత్రువులు మెరుగ్గా కదిలారు. పేరు తప్పైతే క్రాష్ కూడా కాలేదు, ఆ లైన్ ఊరికే పనిచేయకుండా పోయింది. అందుకే ఎవరికీ దొరకలేదు.

రెండోది మన అక్షరమే. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే యాప్ క్రాష్ అయ్యేది. జకారం, హల్లు గుర్తు, ఞకారం, తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుస తగిలితే అక్షరాలను పేర్చే ప్రోగ్రామ్ తడబడింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలు బయటపడ్డాయి. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. 'జ్ఞానం' ఫోన్లను కూలుస్తోందని అప్పట్లో జోకులు వేసుకున్నారు గానీ, అసలు విషయం వేరే. మన లిపిలో హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి ఎన్ని రూపాలు తీసుకుంటాయో తెలిసిన మనిషి పరీక్ష బల్ల దగ్గర ఉండాలి.

మా ఆటలోనూ ఇదే అయింది. 'చెనక్కాయ'లో కవత్తు విడిపోయి పక్కకొచ్చి నిలబడింది. 'అమ్ము' బటన్‌లో ఒత్తు అడుగు భాగం తెగిపోయింది. ఇలాంటివి చూడడాన్ని లోకలైజేషన్ టెస్టింగ్ అంటారు. ఇంగ్లీషు కోసం గీసిన పెట్టెలో తెలుగు పడుతుందా, ఒత్తులకు కింద చోటుందా, 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా, ఇవన్నీ ఆ పనిలోనే వస్తాయి. తెలుగు బాగా తెలిసిన ఇంజనీర్లు చేయగల పని ఇది.

సరిచేస్తే కొత్తది పుట్టింది

మీటరు సున్నా దగ్గర ఆగేలా మార్చి, సున్నాకు చేరితే బోరు 'ఎండింది' అని గుర్తు పెట్టాం. మళ్ళీ నాయనకే ఇచ్చాను. రెండో సీజన్‌లో ఆగి అడిగినాడు: "ఇంత వాన పడింది కదా, ఈ బోరులోకి చుక్క కూడా రాలేదేమి? బాగా వానపడిన ఏడు కొన్ని బోర్లు మళ్ళా పోస్తాయి." ఎండిన బోరును మేము పూర్తిగా చంపేశాం, వాన లెక్క దాన్ని తాకడమే లేదు. ఒకటి సరిచేయబోయి అంతకుముందు బాగా పనిచేస్తున్న ఇంకొకదాన్ని చెడగొట్టడం చాలా మామూలు. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ పాతవి కూడా మళ్ళీ చూడాలి. దానికి రిగ్రెషన్ టెస్టింగ్ అని పేరు. విసుగు పుట్టించే పనే, కానీ వదిలేస్తే కుదరదు.

దొరికినా సరిచేయకపోతే?

2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 విడుదలైంది. పాత కన్సోళ్ళలో అది ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసి డబ్బు వెనక్కిచ్చారు. 2021 జూన్‌లో గానీ అది మళ్ళీ అక్కడికి రాలేదు. ఇలాంటప్పుడు "టెస్టర్లు నిద్రపోయారా" అని అందరూ అడుగుతారు. కానీ టెస్టర్ చేతిలో ఉన్నది కనిపెట్టి చెప్పడం వరకే. విడుదల తేదీ నిర్ణయించేది వేరేవాళ్ళు. క్వాలిటీ అస్యూరెన్స్ అంటే అందుకే చివర్లో ఆడి చూడడం మాత్రమే కాదు. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే "నీళ్ళు సున్నా అయితే ఏమవుతుంది?" అని అడిగే అలవాటు.

ఈ ఉద్యోగంలో గౌరవం, భద్రత కూడా తేలిగ్గా రాలేదు. అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్‌లో 2021 డిసెంబరులో కొందరు కాంట్రాక్టు టెస్టర్లను తీసేస్తే మిగతావాళ్ళు సమ్మె చేశారు. 2022 మేలో 19–3 ఓట్లతో యూనియన్ పెట్టుకున్నారు. మనకు దగ్గర్లో బెంగళూరులో రాక్‌స్టార్, హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియోలున్నాయి. ఇంటర్వ్యూలకు పోవాలనుకునే జూనియర్లకు నా సలహా ఒకటే. ఎన్ని ఆటలు ఆడారో చెప్పుకోవద్దు. ఒక ఆటలో మీరు పట్టిన మూడు బగ్గులకు మంచి రిపోర్టులు రాసి తీసుకుపోండి. ఉద్యోగం పర్మనెంటా కాంట్రాక్టా అన్నది కూడా మొహమాటం లేకుండా అడగండి.

మా 'బోరు' ఫెస్ట్‌లో ప్రైజేమీ కొట్టలేదు. చివరి బిల్డ్‌లో పేర్లు వచ్చే చోట 'టెస్టింగ్' అని రాసి కింద నాయన పేరు పెట్టాం. చూపిస్తే, "నేనేం చేసినానురా, ఆడినా అంతే కదా" అన్నాడు. కాసేపుండి మళ్ళీ ఫోన్ తీసుకుని, "పందులు చేను తొక్కేది పెట్టలేదే మీరు" అన్నాడు. అది రాసి పెట్టుకున్నాను. 0.9లో చేర్చాలి.