కలివికోడికి ఎన్ని పొదలు కావాలి?

శీలావతి చేప ఒక్క సీజన్‌లో లక్షల గుడ్లు పెడుతుంది. అవన్నీ బతికి పెరిగితే ఆత్మకూరు దగ్గరి సోమశిల జలాశయంలో కొన్నేళ్లకే నీళ్లకన్నా చేపలే ఎక్కువుండాలి. కానీ అలా జరగదు... ఎందుకని?

ఏ జీవికైనా తిండి, నీరు, తలదాచుకునే చోటు కావాలి. శత్రువుల నుంచీ రోగాల నుంచీ తప్పించుకోవాలి. అన్నీ ఉండి ఒక్కటి కొరవడినా చాలు, దాని సంఖ్య అక్కడితో ఆగిపోతుంది. పక్కన చిల్లున్న కుండలో ఎన్ని నీళ్లు పోసినా చిల్లు వరకే కదా నిలిచేది!

ఆ సంగతి తెలుసుకోవాలంటే మన తూర్పు కనుమల్లోని కలివికోడిని చూడాలి. 1840ల్లో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్, నెల్లూరు-కడప కొండల్లో దీన్ని సేకరించాడు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక జాడలేదు. ఇక అంతరించినట్టే అనుకుంటుండగా, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది.

రాత్రిపూట చీమల్నీ చెదపురుగుల్నీ తింటూ నేలమీద తిరిగే పక్షి ఇది. ఆ తిండికి మెట్టపొలాల్లో కొదవేముంది? మరి ఇంత అరుదెందుకు? లంకమలలో పరిశోధకులు దాని అడుగుజాడల్ని గుర్తించి, చుట్టూ పొదల్ని లెక్కపెట్టారు. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకూ, చిన్న పొదలు వెయ్యిలోపూ ఉన్నచోటే ఎక్కువగా తిరుగుతోందని తేలింది. అడవి మరీ చిక్కగా ఉండకూడదు, మరీ పలచబడనూకూడదు. పశువుల మేత, కట్టెలు కొట్టడం మితిమీరితే నేల బయలైపోతుంది. పూర్తిగా ఆగిపోతే గుబురుగా కమ్మేస్తుంది. కలివికోడి కుండకు చిల్లు అక్కడుంది!

ఉదయగిరిలో నర్ది, కలివి లాంటి కర్రతో చెక్కే చెంచాలు, గరిటెలకు ఎంతో పేరు. ఆ కర్రనిచ్చే కొండకూ ఇదే లెక్క. ఏటా చిగురించినదానికన్నా ఎక్కువ నరికితే చెట్టుతోపాటు చెక్కే చేతికీ పనుండదు.

పొదల నేలకు ముప్పు గొడ్డలి ఒక్కటే కాదు. అది సాగుభూమిగా మారిపోతోంది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు కలివికోడి తిరిగే నేలలోకి రావడంతో అభ్యంతరాలొచ్చాయి, ఆ తర్వాత కాలువ దారి మార్చారు.

2025 ఆగస్టులో మన రాష్ట్రంలోనే పక్షి ప్రేమికులు దాని కూతను మళ్లీ రికార్డు చేశారు. అంటే ఎక్కడో దానికి సరిపడా పొదలు ఇంకా మిగిలున్నాయన్నమాట. వాటిని అలా ఉండనిస్తే చాలు, కలివికోడి సంగతి అదే చూసుకుంటుంది.